చివరి ఇంటికి నీళ్లు

నా పని ఒక్క వాక్యం రాయడం.
"పై ప్రాజెక్టుకు సరిపడా నీరు అందుబాటులో ఉంది."
కింద సంతకం, లైసెన్సు ముద్ర.
ఆ కాగితం లేనిదే బ్యాంకు డబ్బివ్వదు,
బుల్డోజరు కదలదు,
పధ్నాలుగు వందల పన్నెండు ఇళ్లు
బొమ్మలోంచి బయటికి రావు.

మెర్సర్ స్ప్రింగ్స్, టెక్సస్. సున్నపురాతి కొండలు.
ఊరి పేరునిండా ఊటలు.
ఊళ్లో మిగిలింది ఒకటే, అదీ వానపడ్డ వారమే.
కొత్త కాలనీ ప్లానులో వీధుల పేర్లు చదివాను:
కోల్డ్ స్ప్రింగ్ లేన్, హెరాన్ క్రీక్, విల్లో పాండ్ కోర్ట్.
దేన్ని పూడుస్తారో దాని పేరే పెడతారు,
పోయిన తాత పేరు మనవడికి పెట్టినట్టు.
గేటు దగ్గరి ఫౌంటెన్‌కి మాత్రం
నీలం రంగు ధారాళంగా వాడారు.

కంప్యూటర్‌లో ఊరంతా గొట్టాలుగా పరిచి
ఆగస్టు నెల పెట్టాను, ఉదయం ఆరు గంటలు.
పచ్చిక తడిపే స్ప్రింక్లర్లన్నీ ఒక్కసారే లేచాయి,
షవర్లు లేచాయి,
పన్నెండంగుళాల మెయిన్‌లో ప్రెషర్ జారి జారి
కొండమీద చివరి ఇల్లు ఎర్రబడింది.
ఎవరిదా అని చూశాను: వెర్లీన్ ష్లూటర్.
ఇంటికి మా గొట్టం, మేకలకి తన బోరు.

"టైమర్లు మార్చు, రాత్రి రెండింటికి తడపమను,"
అన్నాడు మా మేనేజరు డ్వేన్.
మార్చాను. ఎరుపు నారింజకు దిగింది.
ఊళ్లో ఎవరి టైమరూ ఎవరూ ముట్టుకోలేదు.

గురువారం హైస్కూల్ కెఫెటేరియాలో విచారణ.
వాటర్ కూలర్ మీద కాగితం: పనిచేయుట లేదు.
బిల్డరు తరఫు లాయరు
తక్కువ నీటి టాయిలెట్ల గురించి చాలాసేపు చెప్పాడు.
ముందు వరుసలోంచి ఒక నర్సు, చంకలో బిడ్డ,
"రోజూ నలభై మైళ్లు నడిపి
మీ ఆసుపత్రికి వస్తున్నా.
నాకూ ఈ ఊళ్లో ఒక ఇల్లు కావాలి," అంది.
ఎవరూ మాట్లాడలేదు. నేనూ తలదించుకున్నాను.
అప్పుడు వెనకనుంచి వెర్లీన్ లేచి
లాయర్ని కాదు, నన్నడిగింది:
"నీళ్లున్నాయా అమ్మాయీ, లేవా?"
సగటు ఏడాది అన్నాను, కరువు ఏడాది అన్నాను,
ఇంకా వివరంగా పరిశీలించాలన్నాను.
చెప్పిందంతా ఇంగ్లీషులోనే,
నోట్లో జరిగింది మాత్రం
నీళ్లు నమలడమే.

దానమిచ్చేటప్పుడు నీళ్లు ధార పోయాలంటారు.
ఇచ్చేది నీళ్లే అయితే
దేన్ని ధార పోయాలి?

శనివారం, ఎవరూ పంపకుండానే, ఆవిడ బోరు దగ్గరికి వెళ్లాను.
రేకుల షెడ్డు. మేకల వాసన.
తలుపు మీద పైనుంచి కిందికి పెన్సిలు గీతలు, పక్కన ఏళ్లు.
పిల్లల ఎత్తులేమో అనుకున్నాను.
"కాదు, నీటి లోతు," అంది. "అంగుళానికి పదడుగులు."
పంపు మూడుసార్లు కిందికి దించారట.
మూడోసారి దించింది వాళ్లాయన, అదే ఆఖరుసారట.
గ్లాసుతో ఇచ్చింది.
కోడిగుడ్డు వాసన, సుద్ద రుచి.
నమలకుండా తాగాను.

తడి తగిలితే కూతపెట్టే టేపు నాతో తెచ్చాను.
వదులుతూ పోయాను, వదులుతూ పోయాను,
షెడ్డు బయట ఒక మేక నిలబడి చూస్తోంది.
ఎప్పటికో కూసింది.
అంకె చదివి చెప్పాను.
"నా మోకాళ్లు వంగవు, నువ్వే గియ్యి,"
అని పెన్సిలు చేతికిచ్చింది.

నేలమీద కూర్చున్నాను.
పోయినేటి గీత
తలుపు అడుగంచుకి అంగుళం పైన.
రెండుసార్లు లెక్కవేశాను.
ఈ ఏటి గీతకి తలుపు చాలదు.

సంచిలో ఆ కాగితం మడతపెట్టి ఉంది.
సిమెంటు మీద పెన్సిలు ఆనించి
"ఇక్కడైతే చెరిగిపోతుందేమో," అన్నాను.
వెర్లీన్ లోపలికెళ్లి
ఒక మేకు తెచ్చిచ్చింది.